ఇంటికి వచ్చిన మెట్టతాబేలు – దాని మేత, దాని బాగోగులు

కుక్కకు ఆకలైతే మొరుగుతుంది. పిల్లి కాళ్లకు చుట్టుకుంటుంది. ఆవు అంబా అని పిలుస్తుంది. తాబేలు మాత్రము నోరెత్తదు. దానికి పనికిరాని మేత పెట్టినా తింటుంది. ఎండ తగలని మూల ఉంచినా ఊరుకుంటుంది. అలా నెలల తరబడి లోలోపల క్షీణించి, ఒకనాటి ఉదయము కదలక మెదలక పడి ఉంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉన్నదే!" అని ఇంటివారు ఆశ్చర్యపోతారు. అది బాగుండలేదు, చెప్పుకోలేకపోయినది, అంతే.

సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరములలో చేపలతోను పక్షులతోను పాటు మెట్టతాబేళ్లను పెంచుకునే కుటుంబములు ఇటీవలి సంవత్సరములలో కనబడుతున్నవి. ఒకరు పెంచలేక మరొకరికి దత్తత ఇచ్చుట కూడా జరుగుచున్నది. ఇది పట్నపు సంగతి, మాకెందుకు అని పల్లెటూరి పాఠకులు అనుకోవద్దు. పట్నములో ఉద్యోగము చేసే కుమారుడో కుమార్తెయో రేపు ఒక అట్టపెట్టెతో బస్సు దిగి, "అమ్మా, నాన్నా, దీనిని కొన్నాళ్లు మీరు చూడండి" అనవచ్చును. ఆనాడు పనికివచ్చే నాలుగు మాటలు ఇక్కడ చెప్పదలచినాము.

ముందుగా, అది ఏ తాబేలు?

మేత సంగతికి పోకముందు తాబేలు ఏ జాతిదో చూడవలెను. నీటి తాబేలుకు వేళ్ల మధ్య చర్మము ఉంటుంది. ఈదుటకు అది అవసరము. మెట్టతాబేలు కాళ్లు ఏనుగు కాళ్లవలె మొద్దుగా, స్తంభములవలె ఉంటాయి. దీనికి ఈత రాదు. తాబేలంటే నీటి జీవమే కదా అని తొట్టిలోనో బావిలోనో వేసిన యెడల మునిగి చనిపోతుంది.

మన ప్రాంతపు మెట్టతాబేలు నక్షత్ర తాబేలు. నల్లని డిప్ప మీద పసుపు గీతలు చుక్కల ముగ్గువలె పరచుకొని ఉంటాయి. రాయలసీమ మెట్టపొలములలోను, తమిళనాడు, కర్ణాటక, గుజరాత్, రాజస్థాన్ పొడినేలలలోను, పాకిస్తాన్, శ్రీలంక దేశములలోను ఇది కనబడుతుంది. ఎంత ముద్దుగా ఉన్నా దీనిని ఇంట పెంచుకొనుటకు వీలులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022లో సవరించినారు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఆ సవరణతో నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులో చేరినది. పట్టుకొనుట, కొనుట, అమ్ముట, దగ్గర ఉంచుకొనుట అన్నీ నేరములే. శిక్ష 3 సంవత్సరములకు తక్కువ కాకుండ 7 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. 2019లో జెనీవాలో జరిగిన సమావేశములో ప్రపంచ దేశములు కూడా దీని అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించుటకు ఒప్పుకున్నవి.

ఇంత కఠినము ఎందుకు? మన దేశములోని ఒక్క వ్యాపార కేంద్రము నుండే ఏడాదికి కనీసము 55,000 నక్షత్ర తాబేళ్లు దొంగతనముగా తరలిపోతున్నవని 2015లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. వాటిలో ఎక్కువ పిల్లలే. తాబేలు ఇంట ఉంటే కలిసివస్తుందనే నమ్మకము ఒకటి, విదేశాలలో పెంపకానికి ఉన్న గిరాకీ ఒకటి, ఈ రెండూ కలిసి మన పొలముల నుండి దానిని మాయము చేస్తున్నవి.

కాబట్టి వానలు పడినప్పుడు చేను గట్టు మీద నక్షత్ర తాబేలు కనబడిన యెడల పిల్లలకు దూరము నుండి చూపించి, దాని దారిన దానిని పోనివ్వండి. రోడ్డు మధ్యన ఉంటే, అది ఏ వైపు పోతున్నదో ఆ వైపు అంచున నెమ్మదిగా దించండి. దానికి మీరు చేయగలిగిన సంరక్షణ అంతే. ఇప్పటికే ఎవరి ఇంటనైనా ఉన్న యెడల అటవీశాఖవారికి తెలియజేయవలెను. ఏదో ఒక తోటలో వదిలివేస్తే సరిపోతుందనుకోవద్దు. పెంపకములో అంటుకున్న జబ్బులు అక్కడి తాబేళ్లకు సోకుతాయి.

ఎడారి నుండి వచ్చినది

ఇంట పెంచుకొనుటకు చట్టము దారి ఇచ్చిన మెట్టతాబేళ్లు విదేశీ జాతులవి. వాటిలో పేరుపడినది సల్కాటా అనే ఆఫ్రికా తాబేలు. గోధుమరంగు డిప్ప, తొడల వెనుక ముళ్లవంటి పొలుసులు దీని గుర్తులు. దీని స్వస్థలము సహారా ఎడారికి దక్షిణపు అంచున సెనెగల్ నుండి ఇథియోపియా వరకు సాగే పొడినేల. అక్కడ కూడా ఇది తగ్గిపోతున్నది.

దీనికి కూడా కాగితములు కావలెను. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, ఇటువంటి విదేశీ జంతువు చేతికి వచ్చిన 30 రోజులలోగా పరివేష్ అనే ప్రభుత్వ పోర్టలు ద్వారా నమోదు చేయవలెను. పిల్లలు పుట్టినా, చనిపోయినా, మరొకరికి ఇచ్చినా తెలియజేయవలెను. మీకు దత్తత ఇచ్చేవారిని మొదట అడగవలసిన ప్రశ్న, "దీని నమోదు కాగితము ఏది?" అని. కాగితము లేని యెడల, ఎంత దగ్గరివారైనా సరే, తీసుకోవద్దు.

మేత: గడ్డి, గడ్డి, మరల గడ్డి

ఈ తాబేలు పుట్టిన నేలలో పండ్లతోటలు లేవు, కూరగాయల మళ్లు లేవు. ఏడాదిలో కొద్ది నెలలు వాన, తరువాత ఎండుగడ్డి. దాని పొట్ట ఆ గడ్డికే తయారైనది. పేగులలో ఉండే సూక్ష్మజీవులు పీచును నెమ్మదిగా పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. ఆవు గడ్డి తిని బతికినట్లే ఇదీ బతుకుతుంది. అయితే ఆవుకున్న నెమరు దీనికి లేదు, తొందర అసలే లేదు. కాబట్టి మేతలో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు గడ్డి, గడ్డిజాతి ఆకులే ఉండవలెను.

మనకు అందుబాటులో ఉన్నది గరిక. దానికంటె మంచిది వెదకనక్కరలేదు. చిన్న పిల్లకు లేత గరికను కత్తెరతో పొట్టిగా కత్తిరించి పెట్టండి. పెద్దదానికి నీడలో ఆరబెట్టిన గడ్డి కూడా పనికివస్తుంది. మార్పు కొరకు మందార ఆకులు, మందార పువ్వులు, మల్బరీ ఆకులు, గుమ్మడి ఆకులు ఇవ్వవచ్చును. చేను గట్లమీద పెరిగే నాగజెముడు కూడా మంచి మేతయే. దాని పలకలను మంటపై కాల్చి, ముళ్లు, నూగు పూర్తిగా పోయిన తరువాత ముక్కలు చేసి పెట్టండి. అయితే విరిస్తే పాలు కారే జెముడు విషము. దానిని దగ్గరకు రానివ్వద్దు. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు కూడా అంతే. ఇవి పెరట్లో ఉన్న యెడల తాబేలు తిరిగే చోటికి అందకుండ చూడవలెను.

సికింద్రాబాదు మోండా మార్కెట్టుకు పోతే ఆకుకూరల కట్టలు కుప్పలుగా ఉంటాయి గనుక అవి తెచ్చి పెట్టుట సులువు. కాని పాలకూర, బచ్చలి, తోటకూర, గోంగూర వంటి వాటిలో ఆక్సాలిక్ ఆమ్లము అధికము. అది సున్నమును పట్టివేసి డిప్పకు, ఎముకలకు అందనివ్వదు. ఎప్పుడైనా రెండు ఆకులు తింటే ప్రమాదము లేదు. రోజూ అదే మేత అయితే కీడు. క్యాబేజీ కూడా అలవాటు చేయవద్దు. దోసకాయ, టమాటా కడుపు నింపుతాయి గాని వాటిలో నీరే ఎక్కువ. అరటిపండు, మామిడిపండు, బొప్పాయి ముక్క ఇష్టముగా తింటుంది. ఆ తీపి పొట్టలో పులిసి విరేచనములు పట్టుకుంటాయి.

అన్నము, రొట్టె, బిస్కట్టు, పాలు, గుడ్డు, మాంసము, కుక్కలకు పెట్టే మేత ఎన్నడూ పెట్టకూడదు. "మా తాబేలు పెరుగన్నము తింటుంది" అని మురిసిపోయేవారు కొందరుంటారు. తినగలుగుట వేరు, అరిగించుకొనుట వేరు. మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రపిండములు దెబ్బతింటాయి. ప్రేమతో పెట్టే ఈ ముద్దయే దానిని మెల్లమెల్లగా చంపుతుంది.

పిల్లకు రోజుకొకసారి, ఉదయము ఎండ ఎక్కిన తరువాత, దాని డిప్పంత కుప్ప మేత చాలును. ఇసుకలో కాక చదునైన రాయి మీదనో పెంకు మీదనో పెట్టండి. ఇసుక పొట్టలోనికి పోదు, ముక్కు కూడా అరిగి సమముగా ఉంటుంది. రోడ్డు ప్రక్కన కోసిన గడ్డి, పురుగుమందు కొట్టిన చేను గట్టు మీది గడ్డి వద్దు. నాలుగు కుండీలలో గరిక, ఒక మందార మొక్క వేసుకుంటే పిల్ల తాబేలుకు చాలావరకు ఇంటి మేతయే సరిపోతుంది.

ఎండ, సున్నము

తాబేలు డిప్ప పైన తొడుక్కున్న చొక్కా కాదు. అది దాని వెన్నెముక, ప్రక్కటెముకలు కలిసి ఏర్పడిన ఎముకయే. అందులో రక్తము పారుతుంది, నొప్పి తెలుస్తుంది. కొన్ని ఊళ్లలో పిల్లలు డిప్పకు రంధ్రము చేసి తాడు కడతారు, రంగులు పూస్తారు. బ్రతికి ఉన్న ఎముకకు మేకు కొట్టుట ఎటువంటిదో వారికి ఓపికగా చెప్పండి.

ఆ ఎముక గట్టిపడుటకు సున్నము, ఎండ రెండూ కావలెను. పచారీ మందుల దుకాణములలో సముద్రపు నురుగు అనే పేరుతో తెల్లని బిళ్ల దొరుకుతుంది. దానిని మేత దగ్గర ఉంచితే తాబేలే కొరుక్కుంటుంది. అయితే ఎండ లేకుండ ఆ సున్నము ఒంటపట్టదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మము మీద పడినప్పుడు శరీరము డి విటమినును తయారుచేసుకుంటుంది. కిటికీ అద్దము ఆ కిరణములను అడ్డగిస్తుంది గనుక అద్దాల పెట్టెలో పెట్టి కిటికీ ప్రక్కన ఉంచితే వేడి తగులుతుంది గాని మేలు జరుగదు. అపార్టుమెంటులో ఉండేవారు రోజూ ఉదయము ఒక గంట రెండు గంటలు బయట నేరుగా ఎండలో తిప్పవలెను. సగము ఎండ, సగము నీడ ఎప్పుడూ ఉండవలెను. ఎండ చాలని పిల్లల డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు ఈడుస్తాయి. గాలి మరీ పొడిగా ఉండి, మేత బలిసినదైతే డిప్ప మీద గోపురములవలె గుట్టలు లేస్తాయి. ఒకసారి లేచినవి తరువాత పోవు.

నీరు

ఎడారి జీవికి నీరెందుకని అనుకోవద్దు. వెడల్పయిన మట్టి మూకుడులో లోతులేని నీరు ఎప్పుడూ ఉంచండి. పిల్లను ఒకరోజు విడిచి ఒకరోజు గోరువెచ్చని నీటిలో 15, 20 నిమిషములు నిలబెట్టండి. నీరు గడ్డము కిందివరకే ఉండవలెను. తల పైకి ఉండవలెను. అప్పుడది త్రాగుతుంది, మలమూత్రములు విడుస్తుంది. మూత్రముతో తెల్లని పదార్థము రావచ్చును, అది మామూలే. అది ఇసుకవలె గరగరలాడితే నీరు చాలుట లేదని అర్థము.

మన మూడు కాలములు

సికింద్రాబాదు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎడారిలో ఈ తాబేలు లోతైన బొరియ త్రవ్వుకొని మధ్యాహ్నమంతా అందులో ఉంటుంది. మేడమీది సిమెంటు నేల మీద దానికి బొరియ ఎక్కడిది? వేసవిలో మేడమీద వదిలివేసిన తాబేలు గంటలలోనే చనిపోగలదు. తడిపిన మట్టి, దట్టమైన నీడ, వీలైతే మట్టిలో సగము పాతిన పెద్ద కుండ ఏర్పాటు చేయండి.

వానాకాలములో తడి, చలి కలిసినప్పుడు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ముక్కు కారుట, బుడగలు, నోరు తెరచి ఊపిరి తీయుట దాని గుర్తులు. డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి గనుక సాయంత్రము ఇంటిలోనికి తెచ్చి వెచ్చని పెట్టెలో ఉంచండి. ఈ జాతికి శీతాకాలపు నిద్ర లేదు. చలికి ముడుచుకొని పడి ఉంటే నిద్రపోతున్నదని సరిపెట్టుకోరాదు.

బయట తిరిగేటప్పుడు చుట్టూ గోడ ఉండవలెను. కాకి, కుక్క, పందికొక్కు పిల్ల తాబేలుకు శత్రువులు. ఇంటి కుక్క ఎంత మంచిదైనా ఒంటరిగా వదలవద్దు. దాని కంటికి తాబేలు నడిచే బొమికయే.

క్రొత్తగా వచ్చిన రోజులలో

చోటు మారిన తాబేలు కొన్నాళ్లు సరిగా తినకపోవచ్చును. నోరు బలవంతముగా తెరవవద్దు. బంధువులందరికీ చూపించుటకు చేతులు మార్చవద్దు. వారానికొకసారి వంటింటి త్రాసులో తూచి, తేదీతో సహా నోటుబుక్కులో వ్రాయండి. తాబేలు చెప్పని మాట ఆ అంకెలు చెబుతాయి. రెండు మూడు వారములు వరుసగా బరువు తగ్గితే వైద్యునికి చూపించవలెను. మొదటి నెలలోనే పేడ పరీక్ష చేయించుట మంచిది.

పల్లెలలో ఉన్నవారికి ఒక హెచ్చరిక. పశువులకు, కుక్కలకు నులిపురుగులకు, పేలకు వాడే ఐవర్‌మెక్టిన్ మందు తాబేళ్లకు ప్రాణాంతకము. ఆవుకు మిగిలిన మందు కదా అని ఒక్క చుక్క కూడా వేయవద్దు. తాబేళ్ల వైద్యము తెలిసిన డాక్టరును, తాబేలు జబ్బుపడక ముందే విచారించి పెట్టుకొనండి.

పిల్లలు తాబేలును ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడగవలెను. పైకి ఆరోగ్యముగా ఉన్న తాబేలులో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును. దానివలన మనుష్యులకు విరేచనములు, జ్వరము వస్తాయి. చంటిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట మరింత జాగ్రత్త అవసరము. వంటింటి తొట్టిలో దానిని కడుగకూడదు.

మన తరువాత ఎవరు?

ఇప్పుడు అన్నిటికంటె పెద్ద ప్రశ్న. అరచేతిలో ఇమిడే సల్కాటా పిల్ల పెరిగి పెరిగి 50 కిలోలు దాటవచ్చును. ఎడారి తాబేళ్లలో ఇంత పెద్దది వేరొకటి లేదు. గోడలను తోస్తుంది, నేలను త్రవ్వుతుంది, రోజుకు గంపెడు గడ్డి తింటుంది. 50 సంవత్సరములకు పైగా బతుకుతుంది.

తాబేలు ఆయుష్షు ఎంతటిదో మన నగరమే చూచినది. హైదరాబాదు నెహ్రూ జూలాజికల్ పార్కులో ఒక గలాపగోస్ పెద్ద తాబేలు ఉండేది. జూ తెరచిన 1963లోనే దానిని పబ్లిక్ గార్డెన్స్ నుండి తెచ్చినారు. అది 2024 మార్చిలో చనిపోయినప్పుడు దాని వయసు 125 ఏండ్లని జూ అధికారులు తెలిపినారు. దానికి మేత వేసిన మొదటివారు ఎప్పుడో వెళ్లిపోయినారు. తరువాతివారు వేసినారు, ఆ తరువాతివారు వేసినారు. జూకు ఆ వరుస ఉన్నది. మన ఇంటికి ఉన్నదా?

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమునకు ఈ ప్రశ్న ఎదురైనది. అక్కడి ఎడారి తాబేళ్లను ఇండ్లలో పెంచి, పెంచలేక వదిలినవి అనేకము. జబ్బులు అంటుతాయి గనుక వాటిని తిరిగి ఎడారిలో విడువరాదు. అందుచేత ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖవారు పెరడు ఉన్న కుటుంబములకు వాటిని దత్తత ఇచ్చే ఏర్పాటు చేసినారు. ఆ పెరటిలో తాబేలుకు బొరియ, నీడ, గట్టి ప్రహరీ ముందే సిద్ధముగా ఉండవలెను. అక్కడ తాబేలు రాకముందే ఇల్లు కడతారు. మనము తాబేలు వచ్చిన తరువాత అట్టపెట్టె వెదకుతాము.

కాబట్టి దత్తత తీసుకొనే ముందు కుటుంబమంతా ఒకచోట కూర్చొని మూడు ప్రశ్నలు అడుగుకొనండి. ఏడాది పొడుగునా గడ్డి ఎక్కడనుండి వస్తుంది? పదేండ్ల తరువాత అది ఎక్కడ తిరుగుతుంది? మాకు చేతకాని రోజు వచ్చినప్పుడు ఎవరు చూస్తారు? మూడవ ప్రశ్నకు ఇంట ఉన్న ఒక మనిషి తన పేరు చెప్పి ఒప్పుకోవలెను. అమ్మాయి పెండ్లి చేసుకొని వెళ్లవచ్చును, అబ్బాయికి బదిలీ కావచ్చును. అవన్నీ ఆలోచించియే చెప్పవలెను.

జవాబులు దొరికిన యెడల తెచ్చుకొనండి. ఓపిక గల పిల్లలకు ఇంతకంటె మంచి స్నేహితుడు లేడు. మనిషిని గుర్తుపడుతుంది, గరిక కట్టను చూసి మెడ చాపి వస్తుంది. జవాబులు దొరకని యెడల వద్దని ఈరోజే చెప్పుట ఆ జీవికి మేలు. పిల్లలు నిరాశపడితే వారిని జూకు తీసుకొనివెళ్లండి. అక్కడి జంతువుల మేత ఖర్చును కొంతకాలము భరించే దత్తత పథకము ఉన్నది. తాబేలు దాని చోటనే ఉంటుంది. దాని గడ్డి ఖర్చు మాత్రము మీ పిల్లల పేర వెళ్తుంది.